ఎవరికి పనికొచ్చింది?

ఆదివారం పూట ఆ ఇంటిని నిద్ర లేపేది గడియారం కాదు, ఆకురాయి. వారమంతా ఊళ్లోవాళ్ల లిఫ్టులు బాగుచేసే నాన్నకి సెలవు రోజున కూడా చేతులు ఊరుకోవు. వెనక బాల్కనీలో పీట వేసుకుని ఏదో ఒక ఇనప ముక్కని అరగదీస్తూ కూర్చుంటాడు. ఒక వారం తలుపు గడియ, ఇంకో వారం కుక్కర్ పిడి, ఇంట్లో ఏమీ దొరక్కపోతే పక్కింటివాళ్ల కుర్చీ కాలు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని ఆయన నమ్మకం. తినకుండా ఊరికే కూర్చున్నా కరుగుతాయని ఆయన భయం.

ఆ రోజు ఆయన ఒళ్లో మూరెడు పొడవున్న స్టీలు కమ్మీ ఉంది. పాత లిఫ్టులో జనం పట్టుకుని నిలబడే కమ్మీ అది. లిఫ్టు మార్చేటప్పుడు పారేస్తుంటే తెచ్చుకున్నాడు. రెండు చివర్లూ లోపలికి వంచి, అంచులు గుండ్రంగా అరగదీసి, గుడ్డతో తళతళలాడేలా తుడిచాడు.

"ఆరిందా, ఇలా రా తల్లీ. చెయ్యి వేసి చూడు. ఎక్కడైనా గుచ్చుకుంటోందా?"

ఆరింద ఆ ఇంటి పెద్దపిల్ల. పాలపళ్లు ఊడకముందే పెద్దవాళ్లలా మాట్లాడేదని పెట్టిన పేరు అది. ఇప్పుడు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదువుతోంది. అయినా ఆ పేరు ఆమెను వదల్లేదు. చేతిలో టీ కప్పుతో వచ్చి, కమ్మీ మీద అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి రాసింది.

"ఎక్కడా గుచ్చుకోవట్లేదు. ఎవరికి నాన్నా ఇది?"

"ఎవరికేంటి? మీ టీచరమ్మకి. మంచం మీంచి లేవడానికి అవస్థ పడుతోందని మొన్న నువ్వే కదా చెప్పావు. అప్పట్నుంచి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. దీన్ని మంచం పక్కన గోడకి బిగిస్తే పట్టుకుని టక్కున లేవొచ్చు. మధ్యాహ్నం అందరం కలిసి వెళ్దాం. మీ అమ్మకి కూడా చెప్పాను."

ఆరింద చేతిలో కప్పు ఒరిగింది. టీ ఒలికి వేళ్ల మీద పడింది. కాలిందని కూడా తెలియలేదు.

టీచరమ్మ లేదు. వానలు మొదలయ్యే ముందే పోయింది. ఈ ఇంట్లో ఇన్నాళ్లుగా ఆవిణ్ని బతికిస్తున్నది ఆరింద నోరే.

* * *

ఆ ఇంట్లో రాత్రి భోజనం దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. మొదటి ముద్ద లోపలికి దిగగానే నాన్న అడుగుతాడు. "ఊఁ, చెప్పండి. ఇవాళ పనికొచ్చే పని ఎవరేం చేశారు?" వరసగా అందరూ చెప్పాలి. చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది. "అది ఎవరికి పనికొచ్చింది?" ఆ రెండో ప్రశ్న గట్టెక్కితేనే అన్నం ఒంటపడుతుంది.

లాండ్రీలో పనిచేసే అమ్మ, ఎవరిదో కోటు మీద సిరా మరక వదిలించానని చెప్పేది. అది ఎటూ ఎవరికో పనికొచ్చినట్టే కాబట్టి ఆవిడ సులువుగా బయటపడేది. చిక్కంతా తమ్ముడితోనే. వాడూ కాలేజీలో చేరాడు. ఇంట్లో వాడి పేరు జల్సా.

"ఇవాళ మా క్లాసు మొత్తాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాను నాన్నా."

"ఎవరికి పనికొచ్చింది?"

"నవ్వినవాళ్లకి."

"నవ్వు నాలుగు విధాల చేటు."

"ఆ నాలుగూ ఏంటో ఒక్కసారి చెప్పు నాన్నా. పుట్టినప్పట్నుంచీ వింటున్నాను, ఒక్కటీ చెప్పవు."

అమ్మ నవ్వాపుకోవడానికి గ్లాసెత్తి నీళ్లు తాగేది. నాన్న మాత్రం చూపు పెద్దపిల్ల వైపు తిప్పేవాడు. అప్పుడాయన గొంతులోకి ఎక్కడలేని మెత్తదనం వచ్చేది. "నువ్వు చెప్పు తల్లీ."

ఆరింద దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. వెనకబడిన పిల్లకి నోట్సు చెప్పింది, లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు అతికించింది. మంచిపిల్ల అని పేరు పడిపోయింది. ఆ పేరు ఒకసారి పడితే ఇంక చచ్చినట్టు మోయాల్సిందే. కాలేజీలో ఆమె వస్తుంటే జోకులు సగంలో ఆగిపోయేవి. సినిమాకి వెళ్లేటప్పుడు ఎవరూ పిలిచేవాళ్లు కాదు. "అది రాదులే, దానికి పనులుంటాయి" అని వాళ్లకి వాళ్లే చెప్పుకునేవాళ్లు. అందరూ మెచ్చుకునేవాళ్లే కానీ పక్కన కూర్చునేవాళ్లు లేరు. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకుందామంటే, అది ఎవరికి పనికొస్తుంది?

వృద్ధాశ్రమానికి మొదట కాలేజీవాళ్లే పంపారు. సర్టిఫికెట్ రాగానే మిగతా పిల్లలు మానేశారు. ఆరింద మాత్రం ప్రతి ఆదివారం మధ్యాహ్నం వెళ్లేది. కిటికీ పక్క మంచం టీచరమ్మది. ఆవిడ ఓ షాపు మేడ మీది గదిలో జీవితమంతా టైపు నేర్పింది. మెషీన్లు పోయినా వేళ్లకి ఆ అలవాటు పోలేదు. మాట్లాడకుండా ఉన్నప్పుడు దుప్పటి మీద టకటకా కొడుతూనే ఉండేది.

మొదటి రోజున ఆరింద పేపరు తీసి చదవబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఈ పేపరు ఎవరికోసం చదువుతున్నావే పిల్లా?"

"మీకోసమేనండి."

"నాకొద్దు. నీక్కావాలా?"

"...లేదండి."

"మరి ఇద్దరికీ అక్కర్లేని పని గంటసేపు చెయ్యడం దేనికి? నన్ను ఆ వీధి చివర పార్కుకి తీసుకెళ్లు. అక్కడ ఉయ్యాల ఉంది. ఈ కిటికీలోంచి రోజూ దాని చప్పుడు వింటున్నాను."

"ఉయ్యాలా? మీరా?"

"ఏం, వయసు కాళ్లకొచ్చింది కానీ ఆశకి రాలేదుగా? చిన్నప్పుడు మా ఇంట్లో ఉయ్యాల మా అన్నయ్యలదే. నన్నేమో చంటిపిల్లని ఎత్తుకోమనేవాళ్లు. చంటిపిల్ల పెద్దదయ్యేసరికి నేను ఉద్యోగస్తురాలినయ్యాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ ఉద్యోగాలొచ్చాయి. మంచిదే, దాన్ని కాదనను. కానీ ఉయ్యాల బాకీ అలాగే ఉండిపోయింది."

అలా మొదలైంది. మధ్యాహ్నం ఎండకి పార్కులో పిల్లలుండరు. ఒక చేత్తో కర్రా ఒక చేత్తో ఆరింద భుజమూ పట్టుకుని ఆవిడ చిన్నగా నడిచొచ్చేది. ఉయ్యాల గొలుసు తుప్పు పట్టి కిర్రు కిర్రుమనేది. "ఇది పలుకుతుందే! నా మెషీన్లు ఆగిపోయాక ఇంత మంచి చప్పుడు వినలేదు" అని మురిసిపోయేది. ఆరింద పక్క ఉయ్యాలలో కూర్చునేది. మొదట సిగ్గుపడింది. తర్వాత కాళ్లు వాటంతటవే నేలని తన్నడం మొదలుపెట్టాయి. ఆ గంటసేపు ఆమె మంచిపిల్ల కాదు, చెడ్డపిల్లా కాదు. గాలికి జుట్టు కళ్లలో పడుతుంటే నవ్వుతూ ఊగే పిల్ల, అంతే. ఆ గంటకోసం వారమంతా ఎదురుచూసేది.

రాత్రి భోజనం దగ్గర మాత్రం "టీచరమ్మకి పేపరు చదివి వినిపించాను" అని చెప్పేది. ఉయ్యాల ఊగానంటే రెండో ప్రశ్నకి జవాబు లేదు మరి.

ఆ తర్వాత ఒక ఆదివారం వెళ్లేసరికి కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది. పరుపు తీసి ఎండలో వేశారు. "తెల్లవారుజామున నిద్రలోనే పోయారమ్మా. నీకు చెబుదామంటే ఫోన్ నంబరు లేదు" అంది వార్డెన్. ఆరింద ఏడవకుండా ఇంటికొచ్చింది. కంచం ముందు కూర్చుంది. నాన్న అడిగాడు. "నువ్వు చెప్పు తల్లీ."

చెబుదామనే నోరు తెరిచింది. ఇవాళ టీచరమ్మ పోయింది నాన్నా. కానీ ఆ వెనకే వచ్చే ప్రశ్న గుర్తొచ్చింది. అలవాటుకొద్దీ నాన్న ఆ మాట అనేస్తే? ఎవరికి పనికొచ్చింది అని అడిగేస్తే? ఆ మాట వింటే ఇంక ఈ జన్మలో నాన్న మొహం చూడలేననిపించింది.

"టీచరమ్మకి పేపరు చదివాను" అంది.

"శభాష్" అన్నాడు నాన్న.

అంతే. ఆవిడ మళ్లీ బతికింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం బతుకుతూనే ఉంది. ఒక వారం ఆవిడకి జలుబు చేసింది. ఒక వారం జోకు చెప్పింది. మొన్నటికి మొన్న మంచం మీంచి లేవలేకపోతోంది. ఆరింద ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోంచి బయల్దేరి, ఆశ్రమం గేటు దాటి ముందుకెళ్లి, పార్కులో ఒంటరిగా ఉయ్యాల ఊగి వచ్చేది. పక్క ఉయ్యాల ఖాళీగా ఉండేది. గాలికి అప్పుడప్పుడూ అది కూడా కదిలేది.

* * *

నాన్న కమ్మీ తయారుచేసిన ఆ వారమే క్లాసులో లెక్చరరుగారు బెంచీలు వెనక్కి జరిపించారు. "పోయిన వారం మీ అంతట మీరు చేసిన పని ఒకటి తలుచుకోండి. సరదా కోసం చేసుంటే కిటికీ వైపు నిలబడండి. దానికో అర్థం ఉందనీ, చేస్తే మంచిదనీ చేసుంటే తలుపు వైపు. రెండూ అయితే మధ్యలో" అన్నారు.

కిటికీ వైపు ఒకటే తోపులాట, నవ్వులు. తలుపు వైపు కొద్దిమంది బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆరింద ఉన్నచోటే ఉండిపోయింది. ఆమెకి గుర్తొచ్చింది ఉయ్యాల ఒక్కటే. అది సరదానా? సరదా అయితే దిగాక ఆ దిగులు ఏమిటి? పోనీ, అర్థం ఉన్న పనా? ఖాళీ ఉయ్యాల పక్కన ఊగడంలో అర్థం ఏముంది? ఆలోచిస్తుండగానే వెనకనుంచి ఎవరో నవ్వుతూ, "నీకు డౌటేంటే? నీది తలుపు వైపే!" అని నెట్టారు. ఆమె వెళ్లి తలుపు వైపు నిలబడింది.

మధ్యలో ముగ్గురో నలుగురో ఉన్నారు. లెక్చరరుగారు వాళ్లని చూపిస్తూ, "ఒక్క సరదాతో బండి కొంతదూరమే పోతుంది. ఒక్క అర్థాన్నే మోసుకు తిరిగినా మనిషి ఎండిపోతాడు. రెండూ కలిసినవాళ్లే కాస్త నిండుగా ఉంటారని మా చదువులు చెబుతున్నాయి. మీరేమంటారు?" అన్నారు. ఒకప్పుడు తను ఆ మధ్యలోనే ఉండేదని, చెయ్యి పట్టి అక్కడికి తీసుకెళ్లిన మనిషి పోయిందని ఆరిందకి అప్పుడే తెలిసొచ్చింది. క్లాసు అయిపోయాక బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకుని మొదటిసారి ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, వెనకబడిన పిల్లకి నోట్సు చెప్పడానికి వెళ్లింది.

* * *

కమ్మీ తయారైన ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నాన్న మంచి చొక్కా తొడిగాడు. పనిముట్ల సంచీలో డ్రిల్లింగ్ మెషీన్, స్క్రూలు సర్దుకున్నాడు. అమ్మ ఫ్లాస్కులో పాలు పోసింది. "పళ్లు లేని మనిషి కదా, బిస్కెట్లు మెత్తటివే తీసుకున్నాను" అంది. ఎప్పుడూ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కనపడని జల్సా కూడా తల దువ్వుకుని తయారయ్యాడు.

"నువ్వెందుకురా?" అంది ఆరింద.

"ఆ టీచరమ్మ జోకులేస్తుందన్నావుగా. పోటీకి వస్తున్నా."

ఆరింద చెప్పుల స్టాండు దగ్గరే నిలబడిపోయింది. "ఇవాళ వద్దు నాన్నా. ఇవాళ బయటివాళ్లని రానివ్వరు."

"ఆదివారం రానివ్వకపోవడమేంటి? నంబరు చెప్పు, ఫోన్ చేసి కనుక్కుంటాను."

"గోడలకి మేకులు కొట్టనివ్వరు."

"మేకులెవరు కొడతారు? స్క్రూలు బిగిస్తాను. ఊరందరి లిఫ్టులూ బిగించినవాణ్ని, నాకు గోడ సంగతి చెప్తావా?"

అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది ఆమె పని. నాన్న అప్పటికే కమ్మీని పాత తువ్వాలులో చుడుతున్నాడు. గీత పడకుండా, పసిపిల్లకి చుట్టినట్టు చుడుతున్నాడు. ఆ చేతుల్ని చూసేసరికి ఆరిందకి ఇంక అబద్ధం నోట్లోకి రాలేదు.

"నాన్నా, ఆగు. టీచరమ్మ లేదు."

"లేదంటే? ఎక్కడికెళ్లింది?"

"పోయింది. వానలకి ముందే పోయింది."

ఫ్లాస్కు మూత బిగిస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. నాన్న ఆమె వైపు తిరిగాడు.

"వానలకి ముందా? మరి మొన్న మంచం మీంచి లేవలేకపోతోందన్నావు?"

"కల్పించాను."

"జలుబు?"

"అదీ కల్పించిందే. అన్నీ అంతే నాన్నా."

నాన్న కుర్చీలో కూర్చున్నాడు. తువ్వాలు చుట్టిన కమ్మీ ఒళ్లోనే ఉంది. ఆయన మొహం ముందు పాలిపోయి, తర్వాత ఎర్రబడింది. "మా షెడ్డులో అందరికీ చెప్పుకున్నాను. మా అమ్మాయి ఇలా చేస్తోంది, అలా చేస్తోంది అని. ఈ కమ్మీ వంచడానికి మా మేస్త్రీ టీ తాగడం కూడా మానుకుని సాయం పట్టాడు. చచ్చిపోయినావిడ కోసమా? జల్సా గాడు చెప్పాడంటే సరే అనుకుందును. నువ్వా? నువ్వు నాకు అబద్ధం చెప్తావా?"

"చెప్పక ఏం చెయ్యమంటావు?" ఆరింద గొంతు పైకి లేచింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి ఎవరూ వినలేదు. "నువ్వు రోజూ ఏం అడుగుతావో నీకు తెలుసా నాన్నా? పనికొచ్చేది ఏం చేశావంటావు. ఎలా ఉన్నావని ఎప్పుడైనా అడిగావా? ఆవిడ చచ్చిపోయిన రోజు నా కంచంలో అన్నం పెట్టి అదే అడిగావు. నేనేం చెప్పను? ఆవిడ పోయింది, ఎవరికీ పనికిరాదు. నాకు ఏడుపొస్తోంది, అదీ పనికిరాదు. ఇంకో సంగతి చెప్పనా? నేనావిడకి పేపరు చదివిందే లేదు. ఇద్దరం పార్కులో ఉయ్యాల ఊగేవాళ్లం. ఊరికే. నాకు బాగుండేది. నా మొత్తం వారంలో నాకు బాగుండేది అదొక్కటే! ఇప్పుడు అడుగు, ఎవరికి పనికొచ్చిందని!"

నాన్న లేచి, కమ్మీ చంకలో పెట్టుకుని, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఎక్కడికో ఎవరూ అడగలేదు.

ఆరింద గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. కాసేపటికి అమ్మ కూడా పక్కన కూర్చుంది. ఫ్లాస్కులోని పాలు మూతలో పోసి చేతికిచ్చింది.

"ఆ కోటు మీద సిరా మరక ఉంది చూడు" అంది నెమ్మదిగా, "అది వదిలించి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. చెప్పడానికేమీ లేనప్పుడల్లా ఆ కోటునే తీస్తాను. మీ నాన్న ఇంతవరకూ కనిపెట్టలేదు."

ఆరింద తలెత్తి చూసింది.

"షాపు మూశాక వచ్చిన బస్సు ఎక్కను. ఒకటి రెండు వదిలేసి స్టాపులో కూర్చుంటాను. ఊరికే జనాన్ని చూస్తూ. ఇంటికొచ్చి ఏమని చెప్పను?"

జల్సా గుమ్మంలో నిలబడి తలుపు గడియతో ఆడుతున్నాడు. "అక్కా, నవ్వించానని చెప్పేది నిజమే కానీ, నవ్వడం అయ్యాక ఎవరి దారిన వాళ్లు పోతారు. రేపు మళ్లీ ఎందుకు రావాలో నాకు తెలీదు. మళ్లీ నవ్వించడానికే. నీకు ఆదివారం ఒకటి ఉందని నాకెంత కుళ్లుగా ఉండేదో తెలుసా?" అన్నాడు. వాడి గొంతులో వెటకారం లేకపోవడం అదే మొదటిసారి.

ఒక కప్పు కింద ఇన్నేళ్లూ నలుగురూ కలిసే తిన్నారు. ఎవరి ఒంటరితనం వాళ్లు అన్నంలో కలుపుకుని తిన్నారని ఆరిందకి ఆ రోజు తెలిసింది.

* * *

ఎండ కాస్త తగ్గాక ఆమె ఇంట్లో ఉండలేక పార్కుకి వెళ్లింది. ఉయ్యాలలో కూర్చుంది కానీ ఊగలేదు. అబద్ధం పోయింది కాబట్టి ఇప్పుడు టీచరమ్మ పూర్తిగా పోయినట్టే. ఇంట్లో కంచాల మధ్య ఇన్నాళ్లూ ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టిన మనిషిని ఇవాళ తనే బయటికి పంపేసింది. ఇంకెవరూ ఆవిడ జలుబు తగ్గిందా అని అడగరు.

గేటు దగ్గర చప్పుడైంది. నాన్న. భుజాన సంచీ ఉంది, చంకలో కమ్మీ లేదు. మంచి చొక్కా నిండా సున్నం పొడి. వచ్చి ఉయ్యాల ముందు నిలబడ్డాడు. పక్క ఉయ్యాల గొలుసు పట్టుకుని చూస్తున్నాడు.

"కమ్మీ ఏం చేశావు నాన్నా?"

"ఆశ్రమంలో బిగించి వచ్చాను." గొంతు సవరించుకున్నాడు. "ఆ మంచంలో ఇప్పుడు ఇంకొకావిడ ఉంది. ఆవిడకీ మోకాళ్ల నొప్పులే. పట్టుకుని లేచి నిలబడి, నా తల మీద చెయ్యి పెట్టింది."

"మంచి పని చేశావు."

"వార్డెనమ్మ అంతా చెప్పింది. ఆదివారం వస్తే టీచరమ్మ పొద్దున్నించే చెప్పులు మంచం కింద సర్ది పెట్టించుకునేదట. ఉయ్యాల పిల్ల ఎప్పుడొస్తుందని అడుగుతూ ఉండేదట. నీ పేరు అక్కడ ఉయ్యాల పిల్లేనట."

ఆరింద పెదవి బిగబట్టింది. ఆగలేదు. మోకాళ్ల మీదికి వంగి, ఇన్ని నెలలుగా దాచుకున్నదంతా ఏడ్చేసింది. నాన్న ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి గరుకుగా ఉంది. ఊరుకో అనలేదు ఆయన. ఏడవనిచ్చాడు.

చాలాసేపటికి, "మా నాన్న నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు" అన్నాడు. "పనికిమాలినోడా అనే పిలిచేవాడు. నీళ్లిమ్మన్నా ఆ మాటే, అన్నానికి రమ్మన్నా ఆ మాటే. నా పిల్లల్ని లోకంలో ఎవరూ ఆ మాట అనకూడదనుకున్నాను. అందుకే రోజూ మీచేత చెప్పించేవాణ్ని. మీరు పనికొస్తారని మీకు తెలియాలని. నువ్వు ఏడుస్తున్నావో నవ్వుతున్నావో చూడాలని నాకు తట్టలేదు తల్లీ. నాకు తెలిసిన ప్రశ్న అదొక్కటే."

ఆరింద చున్నీతో మొహం తుడుచుకుని పక్క ఉయ్యాల చూపించింది. "కూర్చో నాన్నా."

"నేనా? విరిగిపోతుందేమో." పైన కొక్కేలు చూశాడు, గొలుసు లాగి చూశాడు, పలక కింద చెయ్యి పెట్టి చూశాడు. లిఫ్టుని పరీక్ష చేసినట్టే అన్నీ చేశాక అప్పుడు కూర్చున్నాడు. కాళ్లు నేలమీద ఆనించి కొంచెం వెనక్కి జరిగి వదిలాడు. కిర్రుమంది.

ఆయన వెంటనే ఆపేశాడు. "చూశావా? కొక్కెం ఎండిపోయింది. రెండు చుక్కలు నూనె వేస్తే చాలు." సంచీలో చెయ్యి పెట్టి నూనె డబ్బా తీశాడు. మూత కూడా తిప్పాడు.

"వద్దు నాన్నా. ఆవిడకి ఆ చప్పుడే ఇష్టం."

నాన్న చెయ్యి గాల్లోనే ఆగింది. అరిగిపోతున్న ఇనుముని చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. కొక్కేన్ని చూశాడు, కూతుర్ని చూశాడు. చివరికి డబ్బా మూత బిగించి సంచీలో పెట్టేశాడు. మళ్లీ కాళ్లు ఎత్తాడు. ఈసారి ఆపలేదు. రెండు ఉయ్యాలలూ ఒకదాని వెంట ఒకటి కిర్రుమంటుంటే, సున్నం కొట్టుకున్న ఆ మంచి చొక్కా గాలికి ఉబ్బింది. నాన్న నోట్లోంచి చిన్న నవ్వు, ఆయనకే తెలియకుండా వచ్చేసింది.

* * *

రాత్రి నలుగురూ భోజనానికి కూర్చున్నారు. మొదటి ముద్ద అయింది. రెండోదీ అయింది. అలవాటైన ప్రశ్న రాకపోయేసరికి అందరికీ అదోలా ఉంది. అమ్మే గొంతు సవరించుకుని అంది. "ఏమండీ, ఇవాళ మీరేం చేశారు?"

నాన్న కంచంలోకి చూస్తూ, "ఒక కమ్మీ బిగించాను" అన్నాడు. కాస్త ఆగి, చెవులు ఎర్రబడుతుండగా, "తర్వాత ఉయ్యాల ఊగాను" అన్నాడు.

జల్సా నోరు తెరిచాడు. రెండో ప్రశ్న వాడి నాలుక చివరే ఉందని అందరికీ తెలుసు. పుట్టినప్పట్నుంచీ అడిగించుకున్నవాడికి అడిగే అవకాశం మొదటిసారి వచ్చింది. కానీ వాడు అక్కని చూసి నోరు మూసుకున్నాడు. కూర గిన్నె నాన్న వైపు జరిపాడు.

"నువ్వు చెప్పు తల్లీ" అన్నాడు నాన్న. ఆయన గొంతు అదే మెత్తదనంతో ఉంది. "టీచరమ్మ ఎలా ఉండేది? ఈసారి నిజంది చెప్పు."

ఆరింద చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ వేళ్లు దుప్పటి మీద ఎలా కొట్టుకునేవో, ఉయ్యాల ఎక్కేటప్పుడు కర్రని ఎవరికీ ఇవ్వకుండా ఒళ్లో ఎలా పెట్టుకునేదో, పైకి లేచినప్పుడు కళ్లు ఎలా మూసుకునేదో చెప్పింది. మధ్యలో ఏడ్చింది, మధ్యలో నవ్వింది. కంచాల్లో చేతులు ఎండిపోయాయి. అన్నం చల్లారిపోయింది. ఎవరికి పనికొచ్చిందని ఎవరూ అడగలేదు.